ఎగువ కబురు దిగువకు

పనిలేనివాళ్లే వాట్సాప్ గ్రూపుల్లో రాస్తారని, పనున్నవాళ్లకి చదవడానికే తీరిక ఉండదని మా వైపు ఒక మాట స్థిరపడిపోయింది. పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న మామయ్యగారు అంటారు, బ్యాంకులో లైన్లో నిలబడ్డ కుర్రాడూ అంటాడు, చివరికి రోజూ ఆ గ్రూపులు తెరిచి చదివేవాళ్లు కూడా, తాము రాయరు కాబట్టి, రాసేవాళ్ల గురించి అదే అంటారు. "అంత పొడుగు మెసేజ్ పెట్టాడంటే వాడికి చేలో పనేం లేదన్నమాట" అని. ఈ మాట తప్పు. నేను కొన్నేళ్లుగా ఈ గ్రూపుల్లో ఉన్నాను, రాస్తాను, రాసేవాళ్లు ఎంత పనిలో ఉండి, ఎంత కష్టంలో ఉండి రాస్తారో దగ్గర నుంచి చూస్తున్నాను. అందుకే దీని గురించి కొంచెం పొడుగ్గానే చెప్పాలనుకుంటున్నాను.

ఏ రాతల గురించి మాట్లాడుతున్నానో ముందు చెప్పేస్తాను. గుడ్‌మార్నింగ్ బొమ్మలు, దేవుడి ఫొటోలు, పదిమందికి పంపితే శుభవార్త వింటారనేవి వదిలేయండి. ఎవరో చేసిన వీడియోని చూడకుండానే ఇటు నుంచి అటు తోసేయడం కూడా నా లెక్కలో లేదు. ఒక మనిషి తన చెరువులోనో తోటలోనో ఇంట్లోనో చూసినదాన్ని, దాని మీద తనకి కలిగిన ఆలోచనని, తన మాటల్లో పెట్టి, ముఖం కూడా తెలియని వందల మందికి చెప్పడం ఉంది చూశారా, దాని గురించే ఇదంతా. మాది కోనసీమలో అమలాపురం దాటాక సముద్రం వైపు ఊరు, కొంచెం కొబ్బరి, కొంచెం రొయ్యల చెరువు. కాబట్టి నాకు తెలిసిన గ్రూపులు కూడా అలాంటివే. కొబ్బరి రైతులవి, ఆక్వా వాళ్లవి, వరదలప్పుడు గోదావరి మధ్య లంకల వాళ్లు పెట్టుకున్నవి. మా ఊళ్ల నుంచి కువైట్, మస్కట్ వెళ్లిన ఆడవాళ్ల గ్రూపులు కూడా ఉన్నాయి, వాటిలో నేను లేను, మా చిన్నమ్మ కూతురు చెబుతుంటే విన్నవే.

ఎందుకు రాస్తారు అంటే సులువైన జవాబు ఒకటుంది, మన గురించి మనం చెప్పుకోవడం మనకి ఇష్టం అని. ఇది అబద్ధమేం కాదు. హార్వర్డ్‌లో డయానా తమీర్, జేసన్ మిచెల్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. తమ గురించి తాము మాట్లాడుకునే అవకాశం కోసం మనుషులు చేతికి రావాల్సిన డబ్బులో కొంత వదులుకోవడానికి కూడా సిద్ధపడతారని, అలా మాట్లాడేటప్పుడు మెదడులో తిండికీ డబ్బుకీ స్పందించే భాగాలే పనిచేస్తాయని వాళ్లు చూపించారు. సరే, మాట్లాడటంలో సుఖం ఉందని ఒప్పుకుందాం. కానీ అదే మొత్తం జవాబైతే అందరూ తమ గొప్పలే రాయాలి కదా. మా గ్రూపుల్లో అన్నిటికంటే వివరంగా, ఓపిగ్గా రాసేది నష్టాల గురించి. చెరువులో సీడ్ (రొయ్యపిల్లలు) ఎప్పుడు వదిలాడు, ఎన్నో రోజుకి చెక్‌ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగలడం మొదలైంది, మొదటి చచ్చిన రొయ్య ఏ మూల కనపడింది, అప్పుడు తను ఏం వేశాడు, ఏది వేసి ఉండకూడదు, చివరికి ఎంత పోయింది. లీజు డబ్బు, మేత బాకీ మీద పడి ఉన్న మనిషి రాత్రి అన్నం తిన్నాక కూర్చుని ఇవన్నీ తేదీలతో సహా రాస్తాడు. పరువు పోతుంది, ఆ ఫోన్ అవతల పెట్టమని ఇంట్లో తిడుతూనే ఉంటారు. ఇందులో ఏ సుఖం ఉందో చెప్పండి.

నాకు తోచిన కారణం వేరే. మనకి తెలిసినదాంట్లో చాలా భాగం మనకంటే ముందు దాన్ని అనుభవించిన ఎవరో చెబితే తెలిసింది. ఆ చెప్పినవాళ్లకి మనం తిరిగి ఇవ్వడానికి మన దగ్గర ఏమీ ఉండదు, ఎందుకంటే వాళ్లు ఆ దశ దాటిపోయారు. కానీ తీసుకున్నది మనసులో బాకీలాగే ఉండిపోతుంది. ఆ బాకీని మన తర్వాత వచ్చేవాడికి తీరుస్తాం. గోదావరి కింద బతికే మనకి ఇది ఎంత సహజమో వరదలప్పుడు తెలుస్తుంది.

2022 జూలై వరద గుర్తు చేసుకోండి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటిన తర్వాత మళ్లీ అంత నీరు చూసింది అప్పుడే. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా కిందకి వచ్చింది. ఈ అంకెలు టీవీలో వస్తూనే ఉంటాయి, ఇరిగేషన్ వాళ్లు గంటగంటకీ చెబుతారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లంకల్లో బడికెళ్లే పిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ లంకలో ఉన్న మనిషికి ఆ అంకెతో పని జరగదు. మా రేవులో ఇంకా ఎన్ని మెట్లు మిగులుతాయి, గేదెల్ని ఇప్పుడే గట్టెక్కించాలా తెల్లారేదాకా ఆగొచ్చా, పడవ ఏ పూట దాకా తిరుగుతుంది, ముసలావిణ్ణి ముందే అక్క వాళ్లింటికి పంపేయాలా, ఇవి కావాలి. ఇవి ఏ ఆఫీసూ చెప్పలేదు, ప్రతి రేవు మెట్టూ తెలిసిన ఆఫీసు ఎక్కడా లేదు కాబట్టి.

చెప్పేది ఎగువ ఊరి మనిషి. "మాకు రామాలయం అరుగు తాకేసిందండి. కిందటిసారి పొద్దున్న మాకు అరుగు తాకితే సాయంత్రానికి మీ వైపు రోడ్డెక్కింది, చూసుకోండి బాబూ" అని ఒకాయన వాయిస్ పెడతాడు. అప్పటికి ఆయన తన ఇంట్లో బియ్యం బస్తాలు అటక మీదకి ఎక్కిస్తున్నాడు, వెనకాల ఆడవాళ్లు కేకలేసుకోవడం, దూడ అరవడం ఆ వాయిస్‌లోనే వినపడుతూ ఉంటాయి. ఆయనకి పనిలేదంటారా?

ఆ కబురుకి బదులుగా దిగువ వాళ్లు ఆయనకి ఏం ఇవ్వగలరు? వీళ్ల ఊళ్లోకి నీళ్లు ఎప్పుడొచ్చాయో ఆయనకి చెప్పినా ఆయనకి అది పనికిరాదు, ఆ నీళ్లు ఆయన్ని దాటే వచ్చాయి. ఆయనకేమో ఇంకా ఎగువన ఉన్నవాళ్లు చెప్పారు, వాళ్లకి ఈయన కూడా ఏమీ ఇవ్వలేదు. భద్రాచలం నుంచి పోలవరం, అక్కడి నుంచి ధవళేశ్వరం, ఆ కింద గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మీద ఉన్న ఊరూరా ఇలాగే దిగుతుంది కబురు. ఎవరూ ఎవరికీ జీతం ఇవ్వరు, ఎవరూ లెక్క రాసుకోరు. 1852లో ఆనకట్ట పూర్తయి కాలవలు పారినప్పటి నుంచీ ఇక్కడి మనిషి బతుకు ఎగువ మీద ఆధారపడే ఉంది. పైన ఎవరు తూము తీశారు, రెండో పంట దాళ్వాలో మన వంతు ఎప్పుడు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి అని శివారు భూమి రైతు అడగని రోజు ఉండదు. అలా అడిగి బతికినవాడు, తనకి తెలిసినప్పుడు చెప్పకుండా ఉండలేడు. నాకు అర్థమైనంతవరకు గ్రూపుల్లో రాసేవాళ్లలో ఎక్కువమందిని కూర్చోబెట్టి రాయించేది ఇదే.

చెప్పనివాళ్లు లేరా అంటే ఉన్నారు. విచిత్రం ఏంటంటే, తమకి ఎవరూ చెప్పకపోవడం వల్ల దెబ్బతిన్నవాళ్లు అందరికంటే గట్టిగా చెబుతారు. గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్ల గ్రూపుల గురించి మా చెల్లెలు చెప్పింది వింటే నాకు ఇది బాగా తెలిసొచ్చింది. ఇంటి పనికని గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన ఉంది, ఏజెంటు పేరు ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉండాలి. కానీ ఊళ్లోకి వచ్చే సబ్ ఏజెంటు ఇవేవీ చెప్పడు, విజిట్ వీసా మీద ఎక్కించేస్తాడు, దిగాక పాస్‌పోర్టు ఇంకొకరి చేతికి వెళ్లిపోతుంది. అలా వెళ్లి చిక్కుకున్న ఒకామె, పగలంతా చాకిరీ అయ్యాక అర్ధరాత్రి దుప్పటి కప్పుకుని, గొంతు తగ్గించి, రాయడం రాక వాయిస్‌లోనే చెబుతుందట. "విజిట్ వీసా అంటే రావద్దమ్మా, ఎన్ని చెప్పినా రావద్దు, నాకు చెప్పేవాళ్లు లేక వచ్చాను" అని. ఆమె ఎవరి బాకీ తీరుస్తోంది? తనకి ఎవరూ చెప్పలేదు కదా. తనకి అందాల్సిన కబురు అందలేదు, కనీసం తన వెనకవాళ్లకైనా అందాలని చెబుతోంది. పేరు కోసం చెబుతోంది అనేవాళ్లు ఆ వాయిస్ ఒక్కసారి వినాలి.

ఇక్కడే ఇంకో సంగతి. రావద్దు, కొనొద్దు, వెయ్యొద్దు లాంటి మాటల్ని అమ్ముకునేవాడు ఎక్కడా ఉండడు. మా కొబ్బరికి తెల్లదోమ వచ్చినప్పుడు ఇది కళ్లారా చూశాను. సర్పిలాకార తెల్లదోమ అంటారు, 2016లో తమిళనాడులో పొల్లాచ్చి దగ్గర మొదట కనపడింది, ఎంతో కాలం పట్టకుండానే కడియం నర్సరీల వైపు వచ్చి, తర్వాత కోనసీమంతా పాకిపోయింది. ఆకు అడుగున తెల్లగా చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది. అది విసర్జించే తీపి జిగురు కింద ఆకుల మీద పడి, దాని మీద మసిలాంటి బూజు పట్టి, చెట్టు కింద అరటి, కోకో, జామ అన్నీ నల్లగా అయిపోతాయి. తోటలోకి అడుగుపెడితే గుండె జారిపోయేది. అలాంటప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరి వల్లా కాదు, షాపుకి వెళ్తే నాలుగు రకాల మందులు బల్ల మీద పెట్టేస్తారు. అసలు విషయం ఏంటంటే, ఆ రసాయన మందులు కొట్టే కొద్దీ ఆ దోమ మీద బతుకుతూ దాన్ని చంపే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ చచ్చిపోతుంది, దోమకి అడ్డు లేకుండా పోతుంది. శాస్త్రవేత్తలు చెప్పింది వేరే. ఆకు అడుగు తడిసేలా నీళ్లు గట్టిగా కొట్టండి, పసుపు జిగురు అట్టలు కట్టండి, వేపనూనె వాడండి, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో తయారుచేసే ఇసారియా అనే శిలీంధ్రం తెచ్చుకుని పిచికారీ చేయండి, మిత్రపురుగుల్ని బతకనివ్వండి.

ఇప్పుడు చెప్పండి, మందు కొట్టమనడానికి షాపు ఉంది, కంపెనీ ఉంది, బండేసుకుని ఊరూరా తిరిగే కుర్రాడున్నాడు, రంగురంగుల కాగితం ఉంది. కొట్టొద్దనే మాట మీద ఎవరికీ కమీషన్ రాదు. పరిశోధన స్థానం వాళ్లు ప్రతి తోటకీ రాలేరు, వచ్చి చెప్పినా "ఆయనకేం, గవర్నమెంటు జీతం" అంటాం. ఆ మాట తోట దాటి తోటకి వెళ్లాలంటే, భయపడుతూనే మందు కొట్టకుండా ఆగి, నెలలు చూసి, తన చెట్టు ఆకు ఫొటో ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టి, "నేను ఇలా చేశానండి, ఇంతవరకు తేరుకుంది, ఈ రెండు చెట్లు మాత్రం తేరుకోలేదు" అని రాసే రైతు ఒకడు ఉండాలి. ఉన్నాడు కూడా. తేరుకోని రెండు చెట్ల గురించి కూడా రాశాడు కాబట్టే నేను నమ్మాను. అమ్మేవాడు ఆ రెండు చెట్ల సంగతి చెప్పడు.

మంచి విత్తనం కూడా ఇలాగే పాకింది ఒకప్పుడు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ రకం ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లిందంటే అందులో రైతు నుంచి రైతుకి చేతులు మారిన గింజల వాటా చాలా ఉంది. బావగారింటికెళ్లి కుంచెడు విత్తనం తెచ్చుకున్నవాడు తర్వాత ఇంకొకరికి ఇవ్వకుండా ఉన్నాడా?

ఆక్వా గ్రూపుల్లో మెసేజ్‌లు తెల్లవారుజామున మూడింటికి ఎక్కువ వస్తాయని బయటివాళ్లకి తెలియదు. పగలు ఎండలో చెరువులోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి ఎండ లేదు, నాచు కూడా రొయ్యతో పాటు ఆక్సిజన్ పీలుస్తుంది, అందుకని తెల్లారేలోపే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ముందురోజు మబ్బేసి ఉంటే ఇంకా టెన్షన్. ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే ఏళ్ల కష్టం ఒక గంటలో పోతుంది. "రొయ్య పైకి తేలిపోతందండి, మిషన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి, ఏం చెయ్యమంటారండీ" అని ఒకరు పెడతారు. రెండు నిమిషాల్లో భీమవరం వైపు నుంచి ఒకరు, కాట్రేనికోన నుంచి ఒకరు, ఎక్కడో నెల్లూరు నుంచి ఇంకొకరు. మేత ఆపేశారా, ఆక్సిజన్ బిళ్లలు ఉంటే ముందు అవి వెయ్యండి, నీళ్లు మార్చే వీలుందా, భయపడకండి, ఆయ్. వాళ్లు ఎందుకు మేలుకుని ఉన్నారంటే వాళ్ల చెరువు గట్టు మీద వాళ్లూ టార్చిలైటు పట్టుకుని నిలబడే ఉన్నారు. ఈ వేళకి ఇంకొకడు కూడా ఇదే భయంతో ఉన్నాడని తెలియడం ఎంత ధైర్యమో, ఒంటరిగా గట్టు మీద నిలబడనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. జవాబు చెప్పేవాడికీ అందులో లాభం ఉంది. అవతలివాడికి "మేత ఆపారా" అని టైపు చేస్తూ, సాయంత్రం మబ్బున్నా మనం మేత తగ్గించలేదే అని తనకే వెలుగుతుంది. నష్టం గురించి తేదీలతో రాసేవాడు కూడా అలా రాస్తూ రాస్తూ, వాన పడిన రోజుకీ రొయ్య చావడం మొదలైన రోజుకీ మధ్య ఎంత గడిచిందో మొదటిసారి తనే గమనిస్తాడు.

తెలియనివాళ్లకే ఎందుకు చెప్పాలి, పక్కింటివాళ్లకి చెప్పుకోవచ్చు కదా అని అడుగుతారు. పక్కింటివాడికి తెలిసింది మనకి తెలిసిందే. ఒకటే నీరు, ఒకటే హేచరీ సీడ్, ఒకటే షాపు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే ఒక వ్యాసంలో చెప్పాడు, మనకి కొత్త కబురు దగ్గరి స్నేహితుల కంటే అంతంతమాత్రం పరిచయం ఉన్నవాళ్ల నుంచే ఎక్కువ వస్తుందని, ఎందుకంటే దగ్గరివాళ్లంతా తిరిగేది మన చుట్టూనే. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి వెళ్లినప్పుడు మా ఊళ్లో కొనేవాళ్లు తలా ఒక రేటు చెప్పి భయపెడుతుంటే, వేరే చోట అదే కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయనే లెక్క) రొయ్య ఎంతకి పోతోందో మాకు తెలిసింది దూరం ఊళ్ల వాళ్ల రాతల వల్లే.

రావిచెట్టు కింద, కాలవ గట్టు మీద అందరూ కూర్చుని మాట్లాడుకునే రోజులు పోయాయి, ఫోన్లు వచ్చి అన్నీ పాడుచేశాయి అంటూ బాధపడేవాళ్లతో నాకు పేచీ ఉంది. అందరూ ఎప్పుడు కూర్చున్నారండీ? పేటవాళ్లు దూరంగా నిలబడేవాళ్లు, ఆడవాళ్లు అటు వైపు వచ్చేవాళ్లే కాదు, కౌలు రైతు తన భూమి ఆసామి ఎదురుగా నోరు తెరిచి "అది తప్పండి" అనగలిగేవాడు కాదు. డెల్టాలో చేసే వ్యవసాయంలో ఎంత భాగం కౌలు మీద నడుస్తోందో మనకి తెలుసు, చేలో రోజూ దిగే మనిషికి ఉన్న తెలివి ఆ అరుగు మీదకి ఎప్పుడూ ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కుతోంది. మా గ్రూపులో ఒక కౌలు రైతు భార్య ఉంది, చెరువు నీళ్ల రంగు చూసి రోగం పసిగట్టడంలో ఆమెని మించినవాళ్లు లేరు, పెద్ద పెద్ద ఆసాములు ఫొటో పెట్టి "అమ్మా, కాస్త చూడండి" అని అడుగుతారు. పేరు చూసి కులం లెక్కగట్టేవాళ్లు అక్కడా ఉన్నారు, అది నాకు తెలుసు, దాన్ని దాచను. కానీ ఆమె మాట ఎదురుగా ఉన్న అరుగు మీదకి వెళ్లలేకపోయింది, ఇక్కడికి వచ్చింది. నాకు ఈ తేడా చాలా పెద్దది.

మరి చదివి ఊరుకునేవాళ్ల సంగతేంటి? జేకబ్ నీల్సన్ అనే ఆయన 2006లో ఇలాంటి చర్చల తీరు చూసి ఒక అంచనా చెప్పాడు. నూటికి 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, రాతల్లో చాలా భాగం ఒక్కరి నుంచే వస్తుంది. మా గ్రూపులు కూడా కాస్త అటూఇటూగా అంతే. కొందరు అడ్మిన్లు చదివి ఊరుకునేవాళ్లని తీసేస్తామని బెదిరిస్తారు. అది అన్యాయం. దిగువనున్న ఊరు ఎగువ కబురు వినడమే దాని పని. రాసేవాడికి ఆ మౌనంగా చదివేవాళ్లు ఉన్నారనే భరోసా లేకపోతే ఎవరికని రాస్తాడు? ఎప్పుడో సంతలో ఎదురుపడి "అన్నయ్యా, మీరు రాసింది చూసి ఆ మందు కొనడం మానేశానండి" అని ఒకడు అంటాడు చూడండి, లైకులు లెక్కపెట్టేవాళ్లకి అది ఎలా కనపడుతుంది.

ఇదే దారిలో విషం కూడా పారుతుంది, అది చెప్పకుండా ఈ వ్యాసం రాస్తే నేను నిజాయితీగా రాసినట్టు కాదు. 2022 మే 24న, జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టే విషయంలో అమలాపురంలో జరిగిన విధ్వంసం, ఇళ్లు తగలబెట్టడం మేమంతా చూశాం. జనాన్ని పోగుచేయడంలో వాట్సాప్ గ్రూపుల పాత్ర ఉందని పోలీసులు చెప్పారు, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అంతకు ముందు కొన్నాళ్లు మా ఫోన్లలో తిరిగినవాటిలో సొంత ఆలోచన ఒక్కటీ లేదు, అన్నీ ఎవరో తయారుచేసి పంపినవి, చదవకుండానే తోసినవి. తను చూసినదాన్ని తన పేరుతో చెప్పేవాడు దానికి జవాబు చెప్పుకోవాలి, మర్నాడు ఎవరైనా అడిగితే నిలబడాలి. ఫార్వర్డ్ చేసేవాడికి ఆ బాధ్యతే లేదు. అందుకే మొదట్లోనే ఆ రెండిటినీ వేరు చేశాను. నెట్ లేని ఆ రోజుల్లో మేత రేటు, సీడ్ కబురు, మందు సలహా ఏదీ తెలియక చెరువుల వాళ్లు పడిన అవస్థ కూడా నాకు గుర్తుంది. తోసినవాళ్లు చేసిన పనికి చెప్పుకునేవాళ్లు కూడా మూగబోయారు.

అయితే నన్ను నిజంగా బాధపెట్టే సమస్య ఇంకొకటి, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చెరువులో వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ వచ్చిన రైతు, నెల్లూరు వాళ్లు ఉన్న పెద్ద గ్రూపులో ఫొటోలతో సహా పెడతాడు. పక్క చెరువు వాడికి మాత్రం చెప్పడు. కారణం లేకపోలేదు. ఊళ్లో తెలిస్తే కొనేవాడు ఆ రాత్రికే రేటు తగ్గిస్తాడు, అప్పిచ్చినవాడు గుమ్మం ముందు కూర్చుంటాడు, "వీడి చెరువు వల్లే మాకొచ్చింది" అని ఏడాదిపాటు అంటారు. దూరం వాళ్లకి చెబితే ఖర్చు లేదు, దగ్గరవాళ్లకి చెబితే ఖర్చుంది. కానీ రోగం పాకేది దగ్గరికే. మా దగ్గర చాలా చోట్ల ఒకటే మురుగు కాలవ. పై చెరువు వాడు వదిలిన నీళ్లనే కింది చెరువు మోటారు తోడుకుంటుంది. 1990ల మధ్యలో టైగర్ రొయ్య కాలంలో వైట్ స్పాట్ వచ్చి వరసగా చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోవడం చూసినవాళ్లం, 2009లో వనామీ అనే రొయ్య రకానికి అనుమతి వచ్చాక మళ్లీ లేచి నిలబడ్డవాళ్లం. వరదప్పుడు కింది ఊరి గేదెల గురించి కూడా ఆలోచించి కబురు పెట్టే మనుషులం, మన చెరువు నీళ్ల గురించి మాత్రం నోరు విప్పం. వరద ఎవరి తప్పూ కాదు కాబట్టి సులువుగా చెబుతాం, రోగం మన తప్పు అంటారేమోనని దాస్తాం.

మా మురుగు కాలవ మీద ఉన్న చెరువుల వాళ్లం దీని కోసమే ఒక చిన్న గ్రూపు పెట్టుకున్నాం. చాలాకాలం అందులో ఎవరూ ఏమీ రాయలేదు, పండగ శుభాకాంక్షలు తప్ప. కిందటి పంటలో ఒకతను రాశాడు. "నాకు వైట్ స్పాట్ వచ్చిందండి. నీళ్లు బయటికి వదలట్లేదు, బ్లీచింగ్ వేసి కట్టేశాను. మీరు కాలవ నీళ్లు తోడకండి, తూములు మూసుకోండి." అంతే రాశాడు. మేము మూసుకున్నాం. మర్నాటికల్లా కొనేవాడికి తెలిసిపోయింది, ఆ రైతు అప్పటికప్పుడు పట్టేసిన రొయ్యలకి కౌంట్ రేటు మీద బాగా కోత పెట్టాడు. ఆ కాలవ మీద మిగతా చెరువులు నిలబడ్డాయి. అతను రాసినందుకే నిలబడ్డాయా అని కచ్చితంగా చెప్పలేను గానీ, రాయకపోయి ఉంటే మేమంతా ఆ వారం నీళ్లు తోడి ఉండేవాళ్లం, అది మాత్రం కచ్చితం.

అతనికి పోయిన ఆ రేటు తేడాని మిగతావాళ్లం పంచుకోవాలా వద్దా అన్నది ఇప్పుడు ఆ గ్రూపులో నడుస్తున్న చర్చ. "ఇవాళ ఒకరికిస్తే రేపు ప్రతివాడూ వైరస్ అని రాస్తాడు" అని కొందరి వాదన. అలా ఉత్తినే రాసేవాడి చెరువుకి కొనేవాడే ముందు రేటు కోస్తాడు కదా, ఎందుకు రాస్తాడు? నేను నా పేరుతోనే రాశాను, పంచుకోవాలి, ఎవరికెన్ని ఎకరాలుంటే ఆ లెక్కన, వచ్చే పంట సీడ్ వదిలే లోపు అతని చేతిలో పెట్టాలి అని. ఇంకా కొందరు జవాబు రాయాల్సి ఉంది.